లాగ్ లోపల చెరుకు

ఎం-వన్ మొదటి మిడ్‌లో నాకు మార్కులు చాలా చోట్ల పోయాయి. ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. లాగ్(3ఎక్స్² + 5)ని అవకలనం చేయమన్నారు. నేను ఏ అనుమానం లేకుండా 1/(3ఎక్స్² + 5) అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. పేపర్ తిరిగొచ్చేసరికి ఆ గీతల పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ఒక్క మాట ఉంది: "లోపల?"

లోపల ఏముంటే నాకేంటి, లాగ్‌ని అవకలనం చేస్తే ఒకటి బై అదే కదా అనుకున్నా. క్లాసులో సగం మందిది అదే తప్పు కాబట్టి పెద్దగా బాధ కూడా అనిపించలేదు. (బ్యాక్‌లాగ్ అనే మాటలో లాగ్ ఊరికే లేదు అని మా బెంచ్ జోకు.) ఆ ఎర్ర ప్రశ్నకు నాకు సరైన జవాబు దొరికింది మాత్రం ఊళ్లో, తాత దగ్గర, కొట్టి పడేసిన చెరుకు పక్కన.

దానికి ముందు భాష గురించి రెండు మాటలు. తెలుగు మీడియం ఇంటర్ పుస్తకాల్లో డిఫరెన్సియేషన్‌ను అవకలనం అనీ, లాగరిథమ్‌ను సంవర్గమానం అనీ అంటారు. అవకలనం నోటికి పడింది. సంవర్గమానం నాకు పడలేదు, అందుకే లాగ్ అనే రాస్తా. ఇందులో ఉత్త లాగ్ అంటే 'ఈ' బేస్ ఉన్నదే. పది బేస్ అయితే లాగ్₁₀ అని విడిగా రాస్తా. చైన్ రూల్‌ని గొలుసు సూత్రం అనుకుందాం. ఇక ఇది మన క్లబ్బు పత్రిక కాబట్టి ఎక్స్, వైలకు చాలావరకు సెలవిచ్చి చ అంటే చక్కెర, బ అంటే బరువు అని పెట్టుకుందాం. అక్షరం మీద చిన్న గీత ఉంటే అది మారే వేగం. చ′ అంటే చక్కెర ఎంత వేగంగా మారుతోందో అది.

ముందు ఉత్త లాగ్ సంగతి. ఎక్స్ దగ్గర లాగ్ అవకలజం 1/ఎక్స్ అని అందరికీ నోటికొచ్చు. ఎందుకని అడిగితే మాత్రం చాలామందిమి పైకప్పు వైపు చూస్తాం. క్యాలిక్యులేటర్ తీయండి. లాగ్ 101లోంచి లాగ్ 100 తీసేస్తే 0.00995 వస్తుంది. లాగ్ 11లోంచి లాగ్ 10 తీసేస్తే 0.0953. రెండుసార్లూ పెరిగింది ఒకటే. కానీ వందలో ఒకటి పెరగడం వేరు, పదిలో ఒకటి పెరగడం వేరు. లాగ్‌కి పట్టేది ఆ తేడానే. అది గుణకారాన్ని కూడికగా మారుస్తుంది కాబట్టి దానికి 'ఎంత పెరిగింది' కనిపించదు, 'ఎన్నో వంతు పెరిగింది' అనేదే కనిపిస్తుంది. లాగ్(ఎక్స్ + చిన్నది) − లాగ్(ఎక్స్) అంటే లాగ్(1 + చిన్నది/ఎక్స్). ఆ చిన్నది నిజంగా చిన్నదైతే దీని విలువ దాదాపు చిన్నది/ఎక్స్. చిన్నదితో భాగిస్తే మిగిలేది 1/ఎక్స్. అంతే కథ.

ఇప్పుడు గొలుసు. ఒకటి మారితే రెండోది మారుతుంది, రెండోది మారితే మూడోది మారుతుంది. మొదటిదానికీ మూడోదానికీ లెక్క కావాలంటే మధ్యలో ఉన్న వేగాలన్నీ గుణించుకుంటూ పోవాలి. సైకిల్ పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక పళ్ల చక్రం మూడు చుట్లు తిరుగుతుందనుకోండి. వెనక చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్లు పోతే, పెడల్ చుట్టుకు ఆరు మీటర్లు. ఇందులో రాకెట్ సైన్స్ లేదు. లాగ్ లోపల ఒక ప్రమేయం కూర్చుని ఉంటే బయటి లంకె 1/లోపలిది, లోపలి లంకె లోపలిదాని సొంత వేగం:

(లాగ్ చ)′ = (1/చ) × చ′ = చ′/చ

నేను పేపర్లో రాసింది మొదటి లంకె మాత్రమే. 3ఎక్స్² + 5కి సొంత వేగం 6ఎక్స్. అందుకని జవాబు 6ఎక్స్/(3ఎక్స్² + 5). నమ్మకం కుదరకపోతే మళ్లీ క్యాలిక్యులేటర్. ఎక్స్ = 1 దగ్గర లోపలి విలువ 8. ఎక్స్‌ని 1.01 చేస్తే లోపలిది 8.0603. రెండింటి లాగ్‌ల తేడా 0.00751. దాన్ని 0.01తో భాగిస్తే 0.751. సరైన సూత్రం 6/8 అంటే 0.75 అంటుంది. నా సూత్రం 1/8 అంటే 0.125 అంది. ఆరు రెట్లు తేడా! పరీక్షలో ఈ పద్ధతిలో చెక్ చేసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నేను గీతలు కొట్టడానికి వాడాను.

ఇంకో అనుమానం కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. లాగ్(5ఎక్స్) అవకలజం 1/(5ఎక్స్) కాకుండా 1/ఎక్స్ ఎట్లా అయింది? గొలుసు ప్రకారం లోపలి వేగం 5, కాబట్టి 5/(5ఎక్స్), ఐదు ఐదు కొట్టేశాయి. ఇంకో దారిలో చూస్తే లాగ్(5ఎక్స్) = లాగ్ 5 + లాగ్ ఎక్స్, లాగ్ 5 కదలదు కాబట్టి దాని వేగం సున్నా. దీన్ని లెక్కల ట్రిక్కు అనుకుని వదిలేయకండి. చెరుకును టన్నుల్లో కొలిచినా క్వింటాళ్లలో కొలిచినా అంకె పదింతలు మారుతుంది గానీ 'రోజుకు నూటికి ఎంత తగ్గింది' అనేది మారదు. చ′/చ అనేది ఆ నూటికి లెక్కే. దానికి కాటా ఏ కంపెనీదన్నది అనవసరం.

ఇప్పుడు ఊరికి పోదాం. నిజామాబాద్ బస్టాండ్‌లో బోధన్ బస్సు ఎక్కితే సారంగాపూర్, జానకంపేట్, ఎడపల్లి దాటాక శక్కర్ నగర్ వస్తుంది. పేరులోనే శక్కర్ ఉంది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన కాలనీ అది. 1923-31 మధ్య మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్లు, ఈ ఫ్యాక్టరీ, రెండూ కలిసి బోధన్ చుట్టుపక్కల పల్లెల్ని చెరుకు పల్లెలు చేశాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో అది ఆగిపోయింది. చాలామంది వరికి మళ్లారు. ఇంకా చెరుకు వేసేవాళ్లు దూరపు మిల్లులకు పంపుకుంటున్నారు. మా తాత ఆ మొండివాళ్లలో ఒకడు.

నేను సెలవులకు పోయిన రోజు పొలంలో కొట్టిన చెరుకు కుప్పగా పడి ఉంది, లారీ రాలేదు. ఎందుకు రాలేదన్నది ఇక్కడ అనవసరం. తాత రెండు మూడుసార్లు రోడ్డు దాకా పోయొచ్చాడు.

"రేపొస్తది గద తాతా, ఏమైతది?" అన్నాను.

"ఏమైతదా? ఎండకు ఎండుతది, తూకం పోతది. తూకం పోతె పైసలు పోతయి. గంతే బిడ్డా."

"తీపి కూడా తగ్గుతదా?"

"గది మిల్లోనికి ఎర్క."

తాతకు తూకం పోతుంది, మిల్లుకు చక్కెర పోతుంది. ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. కోసిన చెరుకులో నీళ్లు ఆవిరవుతాయి. చెరుకులోనే ఉండే ఇన్వర్టేజ్ అనే ఎంజైమూ, కోసిన చోట చేరే బ్యాక్టీరియా చక్కెరను వేరే పదార్థాలుగా విడగొడతాయి. మరి చెరుకులో చక్కెర శాతం ఏమవుతుంది? చక్కెర తగ్గుతోంది కాబట్టి శాతం కూడా తగ్గుతుందని నేనైతే వెంటనే అనేశాను. గొలుసు సూత్రాన్ని అడిగితే తొందరపడకు అంటుంది.

శాతం అంటే చ/బ (వందతో గుణించడం వదిలేద్దాం, అది లాగ్ 5 లాంటిదే, కదలదు). లాగ్ తీసుకుంటే భాగహారం తీసివేత అయిపోతుంది:

లాగ్(శాతం) = లాగ్ చ − లాగ్ బ

రెండు వైపులా అవకలనం చేద్దాం:

శాతం′/శాతం = చ′/చ − బ′/బ

లెక్క కోసం రోజుకు చక్కెర నూటికి 1 చొప్పున, బరువు నూటికి 2 చొప్పున తగ్గుతోందనుకుందాం. నిజంగా ఎంతన్నది ఎండను బట్టి, చెరుకు రకాన్ని బట్టి ఉంటుంది. అప్పుడు −1 − (−2) = +1. అంటే చక్కెర శాతం రోజుకు నూటికి ఒకటి చొప్పున పెరుగుతుంది! 12 శాతం ఉన్నది మర్నాటికి దాదాపు 12.12 అవుతుంది. చెరుకులో ఉన్న చక్కెర తగ్గింది, తూకం తగ్గింది, శాతం మాత్రం పెరిగింది. ఎండిన చెరుకు రసం చిక్కగా, తియ్యగా అనిపించేది ఇందుకే. శాతం ఒక్కటే చూసేవాడు రెండు రోజులు ఆగితే లాభమే కదా అనుకునే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతికి లాగరిథమిక్ డిఫరెన్సియేషన్ అని పేరు. పుస్తకంలో ఎక్స్ పవర్ సైన్ ఎక్స్ లాంటి వికారమైన వాటికి వాడమంటారు. నా దృష్టిలో దాని అసలు చోటు ఇది: నాలుగైదు అంకెల గుణకారంగా ఉన్న దేన్నైనా లాగ్ లోపల పెడితే వాటి నూటికి-వేగాలు ఉత్త కూడికలూ తీసివేతలూ అయిపోతాయి. జిల్లాలో వచ్చే చక్కెర = ఎకరాలు × ఎకరానికి టన్నులు × రికవరీ. ఎకరాలు ఏడాదికి నూటికి 6 తగ్గి, దిగుబడి 2 పెరిగి, రికవరీ 1 పెరిగితే మొత్తం దాదాపు 3 తగ్గుతుంది. ప్రొడక్ట్ రూల్‌తో ఇదే చేయండి, అర పేజీ పడుతుంది.

రికవరీ అన్నాను కదా. వంద కిలోల చెరుకు ఆడితే ఎన్ని కిలోల చక్కెర వచ్చిందో అది రికవరీ. కేంద్రం ప్రతి సీజన్‌కి ప్రకటించే ఎఫ్‌ఆర్‌పీ ధర దీనికే ముడిపడి ఉంది. 2024-25 సీజన్‌కి 10.25 శాతం రికవరీ దగ్గర క్వింటాల్‌కి 340 రూపాయలు. ఆ పైన ప్రతి 0.1కి 3.32 రూపాయలు అదనం. ఈ 3.32 ఎక్కడ నుంచి ఊడిపడింది? ధర రికవరీకి అనుపాతంలో ఉందనుకోండి. అప్పుడు లాగ్ ధర = లాగ్ రికవరీ + ఒక కదలని అంకె, కాబట్టి ధర′/ధర = రికవరీ′/రికవరీ. 10.25లో 0.1 అంటే నూటికి 0.976. 340లో నూటికి 0.976 అంటే 3.317. సవరించి 3.32! మరుసటి సీజన్ 2025-26కి ధర 355, అదనం 3.46. మీరే వేసి చూడండి, 355ని 102.5తో భాగిస్తే అదే వస్తుంది. ఢిల్లీ నుంచి వచ్చే ఉత్తర్వులో చ′/చ దాక్కుని ఉందని తెలిసినప్పుడు నాకు పిచ్చి సంతోషమేసింది. తాతకు చెబితే "మరి మనకేమొస్తది?" అన్నాడు. ఆ రికవరీ మిల్లు మొత్తానిది. తాత కుప్ప ఎండి శాతం పెరిగినా ఆయన ధర పెరగదు, తూకం మాత్రం తగ్గుతుంది. ఆయన చేతికొచ్చేది బరువు × ధర. అక్కడ ధర′ సున్నా, బ′/బ మైనస్ 2.

చక్కెర విడిపోయే వేగాన్ని మొదట సరిగ్గా కొలిచింది ఎవరో వెతికితే ఇంకో మంచి సంగతి దొరికింది. 1850లో లుడ్విగ్ విల్హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త చెరుకు చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంటే పోలారిమీటర్‌తో చూస్తూ కూర్చున్నాడు. ఒక రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందో లెక్కగట్టడంలో ఇదే మొదటిదని చెబుతారు. చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత ఆస్ట్‌వాల్డ్ దాన్ని వెలుగులోకి తెచ్చాడు. ఆయన కనుక్కున్నది: ఏ క్షణంలోనైనా విడిపోయే వేగం అప్పటికి మిగిలిన చక్కెరకు అనుపాతంలో ఉంటుంది. అంటే చ′ = −వ × చ, ఇందులో వ కదలని అంకె. చ ని ఇటు తెస్తే చ′/చ = −వ. ఎడమ వైపున్నది ఏమిటో ఇప్పుడు మనకు తెలుసు, (లాగ్ చ)′. లాగ్ చక్కెరను సమయం మీద గ్రాఫ్ గీస్తే వంపు లేని గీత వస్తుంది, దాని వాలు −వ.

ఇక్కడ ఒక చిక్కుంది, పరీక్షల్లో నాలాంటివాళ్లు పడేది సరిగ్గా ఇందులోనే. పోలారిమీటర్ చక్కెరను చూపించదు, కోణాన్ని చూపిస్తుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో సగం చీకటి సగం వెలుగు సమానం చేస్తూ కళ్లు పోగొట్టుకున్నాం కదా, అదే పరికరం. షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో 'పోల్' అని రాసే అంకె కూడా దాని నుంచే వస్తుంది. చక్కెర కాంతి తలాన్ని కుడికి తిప్పుతుంది. విడిపోయాక వచ్చే ఫ్రక్టోజ్ గట్టిగా ఎడమకు తిప్పుతుంది, గ్లూకోజ్ కుడికి తిప్పినా సరిపోదు. అందుకని కోణం కుడి నుంచి సున్నా దాటి ఎడమకు పోతుంది. ఇలా తలకిందులవుతుంది కాబట్టే ఆ చర్యకు ఇన్వర్షన్ అని పేరు. 100 మిల్లీలీటర్లలో 20 గ్రాముల చక్కెర కలిపి, 20 సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే కోణం +26.6 డిగ్రీల దగ్గర మొదలై, పూర్తిగా విడిపోయేసరికి సుమారు −8.4 దగ్గర ఆగుతుంది.

లాగ్ కోణం తీసుకుంటే? దాదాపు ముప్పావు దూరం పోయాక కోణం సున్నా, అక్కడ లాగ్ లేదు. ఆ తర్వాత మైనస్, అక్కడా లేదు. మిగిలిన చక్కెర కోణానికి అనుపాతంలో లేదు, కోణం చివరి విలువ నుంచి ఎంత దూరంలో ఉందో దానికి అనుపాతంలో ఉంది. కాబట్టి లోపల పెట్టాల్సింది (కోణం − తుది):

(లాగ్(కోణం − తుది))′ = కోణం′/(కోణం − తుది) = −వ

ఇందులో తుది కదలని అంకె కాబట్టి పైన దాని వేగం సున్నా, మాయమైంది. కింద మాత్రం అట్లానే కూర్చుంది. చాలామంది పైన పోయింది కదా అని కింద కూడా కొట్టేస్తారు. కొట్టేస్తే ఏమవుతుందో చూడండి. వ నిమిషానికి 0.01 అనుకుందాం. మొదట్లో కోణం నిమిషానికి 0.35 డిగ్రీలు తగ్గుతుంది, 0.35/35 = 0.01. దాదాపు 69 నిమిషాల తర్వాత సగం చక్కెర మిగులుతుంది, కోణం 9.1, వేగం 0.175, 0.175/17.5 మళ్లీ 0.01. కింద తుదిని కొట్టేసి ఉత్త కోణంతో భాగిస్తే మొదట 0.013, తర్వాత 0.019, సున్నా దగ్గర కొండెక్కుతుంది. ఒకే ద్రావణం, ఒకే ఆమ్లం, కానీ కదలని అంకె కదులుతోంది! ల్యాబ్ రికార్డులో ఇలాంటిది వస్తే తప్పు పరికరానిది అనుకుని రీడింగ్‌లు సర్దేవాళ్లున్నారు. ఎవరో చెప్పను.

సున్నం కథ మిగిలింది. మా తాత చిన్నప్పుడు ఊళ్లో గానుగ ఉండేదట, బెల్లం వండేవాళ్లు. కడాయిలో రసం పోసి సున్నం నీళ్లు వేసేవాళ్లు, బెండ చెట్టు కాండం నలిపిన జిగురు వేసి మురికి తెట్టు తీసేవాళ్లు. సున్నం తక్కువైతే "బెల్లం గట్టి పడది, జారుడు జారుడు ఉంటది" అంటాడు తాత. కారణం ఇన్వర్షనే. చెరుకు రసం కొద్దిగా పులుపు, పీహెచ్ సుమారు 5.3. ఆ పులుపులో మరగబెడితే చక్కెర విడిపోతుంది, విడిపోయినది గడ్డ కట్టదు. ఫ్యాక్టరీలోనూ అంతే, రసానికి సున్నం కలిపి పీహెచ్‌ను 7 దగ్గరకు తెచ్చాకే ఆవిరి పట్టడం.

పీహెచ్ అనే కొలతను 1909లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో సోరెన్‌సెన్ తెచ్చాడు. హైడ్రోజన్ అయాన్ల గాఢతను హ అనుకుంటే పీహెచ్ = −లాగ్₁₀ హ. పది బేస్ కాబట్టి లాగ్ 10, అంటే 2.303, అడ్డమొస్తుంది: లాగ్₁₀ హ = లాగ్ హ/2.303. గొలుసు సూత్రంతో:

పీహెచ్′ = −హ′/(2.303 × హ)

ఈ 2.303ని మర్చిపోవడం రెండో ప్రఖ్యాత తప్పు. ఆమ్లంలో ఇన్వర్షన్ వేగం హ కి అనుపాతంలో ఉంటుంది కాబట్టి వ′/వ = హ′/హ = −2.303 × పీహెచ్′. పీహెచ్ 0.1 తగ్గితే చక్కెర పాడయ్యే వేగం నూటికి 23 పెరుగుతుందని అవకలనం అంటుంది. నిజంగా లెక్కేస్తే 10 పవర్ 0.1 అంటే 1.259, నూటికి 26. తేడా ఎందుకంటే 0.1 అంత చిన్నదేం కాదు. పీహెచ్ ఒక యూనిట్ తగ్గితే ఈ సూత్రాన్ని నేరుగా వాడకూడదు, అది 3.3 రెట్లు అంటుంది, నిజం 10 రెట్లు. అవకలజం ఆ క్షణపు వేగం చెబుతుంది, దూరం పోవాలంటే సమాకలనం చేయాలి.

ఇక వేడి. 1889లో అర్హీనియస్ తన ప్రసిద్ధ సమీకరణాన్ని రాసిన వ్యాసం కూడా ఆమ్లాల్లో చెరుకు చక్కెర ఇన్వర్షన్ గురించే. వ = అ × ఈ పవర్ (−శ/(ఆర్ × ఉ)). ఉ కెల్విన్‌లో ఉష్ణోగ్రత, శ క్రియాశీల శక్తి, ఆర్ 8.314. లాగ్ తీస్తే ఘాతం కిందికి దిగుతుంది: లాగ్ వ = లాగ్ అ − శ/(ఆర్ × ఉ). ఉ తో అవకలనం చేస్తే లాగ్ అ పోతుంది, 1/ఉ కి వేగం −1/ఉ², మైనస్ మైనస్ కలిసి ప్లస్:

వ′/వ = శ/(ఆర్ × ఉ²)

చక్కెర ఇన్వర్షన్‌కి శ మోల్‌కు సుమారు 108 కిలోజౌల్స్. 27 డిగ్రీల దగ్గర, అంటే 300 కెల్విన్ దగ్గర, ఒక్క డిగ్రీకి వేగం నూటికి 14 పెరుగుతుంది. 97 డిగ్రీల దగ్గర డిగ్రీకి 9.5. శాతం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఈ రెండింటి మధ్య ఉన్న 70 డిగ్రీలనూ కలుపుకుంటే, అంతే పులుపులో వేగం సుమారు 3,600 రెట్లు అవుతుంది. చల్లటి రసంలో గంటకు జరిగేది మరిగే రసంలో ఒక్క సెకనులో.

ఈ లెక్క వేసిన సాయంత్రం తాతను అడిగాను, గానుగ దగ్గర సున్నం ఎప్పుడు వేసేవాళ్లని.

"పొయ్యి జోరు మీదికి రాకముందే ఎయ్యాలె. కాగినంక ఏస్తె ఏం ఫాయిదా?" అన్నాడు. లారీ ఆ రాత్రి వచ్చింది.

నేను వేసిన లెక్క మీకూ ఒకటి. పోలారిమీటర్ గొట్టంలో మొదటి కోణం +20.0, పూర్తిగా విడిపోయాక −6.3. నలభై నిమిషాల దగ్గర +7.0 చూపించింది. వ ఎంత? నిమిషానికి 0.017 దగ్గర రావాలి. రాకపోతే లాగ్ లోపల తుది కోణం గుర్తు ఏం వేశారో చూసుకోండి.